తర్వాతి కన్సోల్‌కి డిస్క్ లేకపోతే పాలమూరు, నల్లగొండలో కొనేదెవరు?

జడ్చర్ల_జాయ్‌స్టిక్
జడ్చర్లలో చిన్న గేమింగ్ పార్లర్ నడుపుతున్నా. టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మిషన్లే అన్నీ: రెండు సోనీ ప్లేస్టేషన్ 5లు (పీఎస్5), మిగతావన్నీ దాని ముందు వచ్చిన పీఎస్4లే. కాలేజీ పోరలు గంటల లెక్కన వచ్చి ఆడతారు. ఫుట్‌బాల్, రెజ్లింగ్, కొట్లాట గేమ్‌లకు గిరాకీ ఎక్కువ. ఇప్పటికి బాగానే నడుస్తోంది. నా టెన్షన్ అంతా వచ్చే జనరేషన్ మిషన్ల గురించే.

పీఎస్5లో పై మోడల్ అయిన ప్రో డబ్బాలో డిస్క్ డ్రైవ్ పెట్టలేదు, విడిగా కొనుక్కోవాలి. అసలు 2024లో ఆ ప్రో వచ్చినప్పుడు మన దేశంలో అమ్మకానికే పెట్టలేదు, అది వేరే సంగతి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డ్రైవే లేదు. పీఎస్5 2021 ఫిబ్రవరిలో మన దగ్గరికి వచ్చినప్పుడు 49,990 రూపాయలు. రెండేళ్ళు కూడా తిరక్కుండా 54,990 చేశారు. ఇక తర్వాతి ఎక్స్‌బాక్స్ బాగా ప్రీమియంగా ఉంటుందని 2025 అక్టోబర్‌లో అప్పటి ఎక్స్‌బాక్స్ ప్రెసిడెంట్ సారా బాండ్ చెప్పారు. ప్రీమియం అంటే రేటు ఎటు పోతుందో మనకు తెలియదా?

కొత్త గేమ్ డిస్క్ 4,999కి కొంటాను. పోరలకు మోజు తీరాక అమ్మితే సగం పైసలైనా తిరిగి వస్తాయి, దాంతో ఇంకోటి తెస్తాను. డిజిటల్‌లో, అంటే డిస్క్ లేకుండా ఆన్‌లైన్ స్టోర్ నుంచి దించుకునేలా కొంటే ఆ పైసలు అకౌంట్‌లోనే ఇరుక్కుపోతాయి. ఈ కంపెనీలు తర్వాతి మిషన్ ఎవరి కోసం తయారు చేస్తున్నాయి? మన ఊళ్ళు వాళ్ళ లెక్కలో ఉన్నాయా, లేవా?

క్లాక్‌టవర్_పోరడు
లేవు అన్నా. ఎప్పుడున్నాయి గనక?

మిర్యాలగూడ_మిల్లు
వ్యాపారం చేసేవాడిగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకు మీద సంపాదించినట్టే ఈ ధంధా. మిషన్ మీద మిగిలేది తక్కువ, కొన్నిసార్లు నష్టానికే అమ్ముతారు. తర్వాత వాళ్ళ స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేమ్ మీద దాదాపు 30 శాతం వాళ్ళకు పోతుంది. ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలనెలా చందా కట్టాలి. జడ్చర్ల తమ్ముడు డిస్క్ అమ్మితే, ఇంకొకరు కొంటే, అది మళ్ళీ మూడో చేతికి పోతే కంపెనీకి ఒక్క రూపాయి రాదు. డ్రైవ్ తీసేస్తే ఆ మూడో చేతి మనిషి కూడా స్టోర్‌లోనే కొనాలి. వాళ్ళ సీట్లో నేను కూర్చున్నా అదే చేస్తాను.

దేవరకొండ_డిస్క్
మిల్లు అన్నా, మీరు చెప్పిన లెక్కనే 2013లో మైక్రోసాఫ్ట్ నమ్ముకుంది. ఎక్స్‌బాక్స్ వన్‌కి రోజుకోసారి నెట్ తగలాలి, పాత డిస్క్‌ల అమ్మకం మీద షరతులు ఉంటాయి అన్నారు. కినెక్ట్ కెమెరాతో కలిపి 499 డాలర్లు. అదే టైమ్‌లో సోనీ 399 డాలర్లకు పీఎస్4 ప్రకటించి, డిస్క్ మీ ఇష్టం, అమ్ముకోండి, దోస్తుకు ఇచ్చుకోండి అన్నది. జనం ఎంత గట్టిగా తిరగబడ్డారంటే మిషన్ మార్కెట్లోకి రాకముందే, జూన్ నెలలోనే మైక్రోసాఫ్ట్ ఆ షరతులు మొత్తం వెనక్కి తీసుకుంది. అయినా పోయిన పేరు తిరిగి రాలేదు. పీఎస్4 11 కోట్ల 70 లక్షలు దాటింది. ఎక్స్‌బాక్స్ వన్ దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు.

పాత డిస్క్ అమ్మిన మనిషి ఆ పైసలతో ఏం చేస్తాడు? కొత్త డిస్క్ కొంటాడు. జడ్చర్ల అన్న చేసేది అదే కదా. మీరు మాత్రం అమ్మిన డిస్క్‌ని నష్టం కింద రాశారు.

మిర్యాలగూడ_మిల్లు
2013 నాటి సంగతి వేరు. ఇప్పుడు సోనీ లెక్కల్లో ఫుల్ గేమ్‌ల అమ్మకాల్లో పెద్ద వాటా డిజిటల్‌దే. జనమే అటు పోయారు, కంపెనీ వాళ్ళ వెనకాల పోతోంది.

గద్వాల_గేమర్
ఏ జనం? ఒక్క గేమ్ 100 జీబీ దాటుతోంది. మా వీధిలో సాయంత్రం అయితే నెట్ పడుకుంటుంది. డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దున కరెంటు పోయి మధ్యలో ఆగి ఉంటుంది. డిస్క్ వేసినా అప్‌డేట్ దిగాల్సిందే, కాదనను. కానీ ఆ అప్‌డేట్‌కీ మొత్తం గేమ్ దించుకోవడానికీ చాలా తేడా ఉంది.

వనపర్తి_విద్యార్థి
నేనైతే కన్సోల్ కొనను. ఫోన్లో బీజీఎంఐ, శనివారం వస్తే పార్లర్. నా దోస్తులంతా ఇంతే. మా బ్యాచ్‌లో కన్సోల్ ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. అయినా పీఎస్5లో వచ్చిన పెద్ద గేమ్‌లన్నీ మేం ఆడాం.

జడ్చర్ల_జాయ్‌స్టిక్
నేను చెప్పాలనుకున్నది తమ్ముడు ఒక్క ముక్కలో చెప్పాడు. కంపెనీ లెక్కలో నా దుకాణం అంటే ఒక మిషన్, ఒక డిస్క్. కానీ దాని ముందు కూర్చుని ఆడే పోరలు వందల మంది. రేపు ఉద్యోగాలు వస్తే మొదట కొనేది వీళ్ళే.

సూర్యాపేట_అమ్మ
కొనే ఇంటి నుంచి నేను మాట్లాడతా. మా బాబు పదో తరగతి. రెండేళ్ళుగా అడుగుతున్నాడు. 55 వేలు ఆటలకా అని మా ఆయన మొదటి రోజే తేల్చేశారు. అదే 55 వేలు లాప్‌టాప్ అంటే ఎవరూ ఏమీ అనరు, చదువుకని ఇచ్చేస్తారు. చివరికి లాప్‌టాపే కొన్నాం. వాడు దాని మీదే గేమ్‌లు ఆడుతున్నాడు, నాకు తెలియక కాదు. పక్కన రికార్డులు రాసుకుంటున్నాడు, కోడింగ్ కూడా నేర్చుకుంటున్నాడు కాబట్టి ఊరుకుంటున్నా.

మన దగ్గర కన్సోల్‌కి పోటీ ఇంకో కన్సోల్ కాదు. ఆ కంపెనీలకు ఇది ఎవరైనా చెప్పాలి.

క్లాక్‌టవర్_పోరడు
అక్కా ఈ ఒక్క పోస్టు పట్టుకెళ్ళి జపాన్‌లో వాళ్ళ బోర్డు మీటింగ్‌లో చదివించాలి.

కోదాడ_కోడర్
హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలో పని చేస్తా. మొదట రేటు సంగతి. అన్నీ దురాశ కింద రాయకండి.

పీఎస్2 అమెరికాలో 2000లో 299 డాలర్లకు వచ్చింది. 2002లో 199 అయింది, 2009కి 99 డాలర్లకు దిగింది. చిప్ తయారీ మెరుగుపడే కొద్దీ అదే చిప్ చిన్నదై, చవకయ్యేది. ఆ తగ్గింపు జనానికి ఇచ్చేవారు. అందుకే మన దగ్గర మధ్యతరగతి ఇళ్ళలోకి పీఎస్2 వచ్చింది, కాకపోతే లేటుగా. ఇప్పుడు కొత్త తరం చిప్ తయారీ ఖర్చే ఎక్కువ, చిన్నది చేసినా మునుపటిలా చవక కావడం లేదు. దానికి తోడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఎత్తుకుపోతుంటే 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. అంతకుముందే 2025 ఆగస్టులో సోనీ అమెరికాలోనే పీఎస్5 రేటు 50 డాలర్లు పెంచింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఆ ఒక్క ఏడాదిలోనే రెండు సార్లు పెరిగి 649.99కి చేరింది. అక్కడ టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) గొడవ కూడా ఉంది. జనరేషన్ ముగిసే టైమ్‌కి రేటు ఇలా పెరగడం ఈ ధంధాలో మామూలుగా ఉండేది కాదు.

కాబట్టి "ఇప్పుడు ఖరీదుగా వచ్చినా నాలుగేళ్ళకు దిగుతుందిలే, అప్పుడు కొందాం" అనే మన పాత పద్ధతి వచ్చే మిషన్‌తో పని చేయకపోవచ్చు. వాళ్ళకు మిగిలిన దారి ఏమిటంటే మొదటి నుంచే తక్కువ శక్తి ఉన్న చవక మోడల్ ఒకటి పక్కన పెట్టడం. సిరీస్ ఎస్‌తో మైక్రోసాఫ్ట్ చేసింది అదే. 299 డాలర్ల ఆలోచన మంచిదే. కానీ దానికి డిస్క్ పెట్టలేదు, మెమరీ మరీ తక్కువ ఇచ్చారు. మా రంగంలో ఆ మెమరీతో కుస్తీ పట్టని వాళ్ళు అరుదు.

ఇంకొకటి, జడ్చర్ల అన్నా, బాధపడొద్దు. ఈ గేమ్‌లన్నీ ఇంటి వాడకానికే అని షరతుల్లో ఉంటుంది. గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం ఆ షరతుల్లోకి రాదు. కంపెనీ నిన్ను లెక్కలో వేయకపోవడానికి అదీ ఒక కారణం.

జడ్చర్ల_జాయ్‌స్టిక్
సరే, షరతు ఉందంటావ్. మరి నాలాంటోడికి లైసెన్స్ అమ్మమను, కొంటా. అడగడానికి ఒక ఆఫీసు, నింపడానికి ఒక ఫారం ఉండాలి కదా? జిల్లా కేంద్రాలు, మండలాలు ఎక్కడ చూసినా పార్లర్లే, మేమేమీ చాటున దాక్కోలేదు.

నకిరేకల్_నింటెండో
కొరియాలో ఈ పని ఎప్పుడో జరిగింది. అక్కడ పీసీ బ్యాంగ్ అంటారు, మన నెట్ సెంటర్ లాంటివే కానీ గేమ్‌ల కోసం. గేమ్ కంపెనీలు ఆ సెంటర్ల నుంచి ఆడిన గంటల లెక్కన పైసలు తీసుకుంటాయి. బదులుగా సెంటర్‌లో ఆడిన వాళ్ళకు ఇంట్లో దొరకని బహుమతులు, క్యారెక్టర్లు ఇస్తాయి. సెంటర్ వాడు బతికాడు, కంపెనీ బతికింది, కొరియా పోరలు ప్రపంచ ఛాంపియన్లు అయ్యారు. తర్వాతి కన్సోల్‌లో "పార్లర్ అకౌంట్" అని ఒకటి పెట్టి నెలకు ఇంత అని తీసుకుంటే జడ్చర్ల అన్నకు డిస్క్ గొడవే ఉండదు.

జడ్చర్ల_జాయ్‌స్టిక్
ఇది నాకు తెలియదు. రేటు న్యాయంగా ఉంటే రేపే కడతా. డిస్క్ మీద నాకేం మోజు లేదు, పెట్టిన పైసలు తిరిగి రావాలి, గంతే.

దేవరకొండ_డిస్క్
నాకుంది. పార్లర్‌కి అది పరిష్కారం కావచ్చు, ఇంట్లో ఆడేవాడికి కాదు. నా దగ్గర పీఎస్4 డిస్క్‌లు ఒక అల్మారా ఉన్నాయి, పీఎస్5లో ఆడుతున్నాయి కాబట్టే నేను పీఎస్5 కొన్నా. వచ్చే మిషన్‌లో అవి ఆడకపోతే నేను సోనీ దగ్గరే ఉండాల్సిన పనేముంది?

కోదాడ_కోడర్
దేవరకొండ తమ్ముడు అన్నది ఇప్పుడు అన్ని కంపెనీలకూ అర్థమైంది. పాత గేమ్‌లు ఆడకపోతే జనం కొత్త మిషన్‌కి రారు. పీఎస్5 పీఎస్4వి ఆడుతుంది, నింటెండో కొత్త కన్సోల్ స్విచ్ 2 దాదాపు అన్ని పాత స్విచ్ గేమ్‌లూ ఆడుతుంది. మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో చిప్‌ల కంపెనీ ఏఎండీతో తర్వాతి మిషన్ల కోసం ఒప్పందం ప్రకటించినప్పుడు కూడా పాత లైబ్రరీ నడుస్తుందనే గట్టిగా చెప్పింది.

మిర్యాలగూడ_మిల్లు
మైక్రోసాఫ్ట్ అంటే గుర్తొచ్చింది. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల గారు అక్కడ కూర్చుని ఉన్నారు, దాదాపు 69 బిలియన్ డాలర్లు పెట్టి యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని కొన్నారు. ఇప్పుడు వాళ్ళ సొంత గేమ్‌లు పీఎస్5లో అమ్ముతున్నారు. ఫోర్జా వచ్చేసింది, హేలో కూడా వస్తుందన్నారు. ఇక ఎక్స్‌బాక్స్ డబ్బా ఎవరు కొంటారు? ఎవరైనా వివరించండి, నిజంగానే అడుగుతున్నా.

కోదాడ_కోడర్
వాళ్ళ ఉద్దేశంలో డబ్బా ముఖ్యం కాదు, గేమ్‌లూ చందా ముఖ్యం. నెలనెలా చందా కడితే చాలా గేమ్‌లు ఆడుకోనిచ్చే గేమ్‌పాస్ 2017లో మొదలైంది. ఫోన్లో, టీవీలో, లాప్‌టాప్‌లో ఎక్కడ ఆడినా అది ఎక్స్‌బాక్సే అని 2024లో ప్రచారం కూడా చేశారు. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై చేతిలో పట్టుకునే మిషన్, అందులో నడిచేది విండోస్. తర్వాతి పెద్ద మిషన్ కూడా పీసీకి దగ్గరగా వస్తుందని నా అంచనా. అంచనా మాత్రమే.

నాకు ఇందులో నచ్చని విషయం ఒకటుంది. సొంత గేమ్ ఎదుటివాడి మిషన్‌లోనూ దొరికితే జనం నీ మిషన్ కొనడానికి వేరే కారణం చూపించాలి. ఆ కారణం ఇంకా చూపించలేదు.

సూర్యాపేట_అమ్మ
కారణం నేను చెప్పనా? అది నిజంగా విండోస్‌తో నడిచి, దాని మీద వర్డ్ తెరుచుకుని, ప్రింట్ తీసుకోగలిగితే మా ఇంట్లో మరునాడే కొంటాం. టీవీకి తగిలిస్తే ఆట, కీబోర్డు పెడితే చదువు. అమ్మానాన్నలకు చెప్పుకోవడానికి ఒక మాట దొరకాలి తమ్ముడూ. ఆ మాట ఇవ్వని మిషన్ మన ఇళ్ళలోకి రాదు.

క్లాక్‌టవర్_పోరడు
అక్క చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను బీటెక్‌లో గేమింగ్ లాప్‌టాప్‌ని ప్రాజెక్ట్ పేరు మీదే కొనిపించుకున్నా.

నకిరేకల్_నింటెండో
అందరూ సోనీ, మైక్రోసాఫ్ట్ అంటున్నారు. నింటెండో ఈ దేశంలో స్విచ్‌ని ఎన్నడూ అధికారికంగా అమ్మలేదు. నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో వారంటీ లేకుండా తెచ్చుకున్నా. అయినా నాకున్న వాటిలో మన ఊరికి సరిపోయిన మిషన్ అదే. గాలివాన వచ్చి కరెంటు పోతే పీఎస్5 ఆగిపోతుంది. ఆడేటప్పుడు అది 200 వాట్ల దాకా లాగుతుంది, టీవీ దానికి అదనం. ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరగాలా, ఆట నడవాలా? స్విచ్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది.

వ్యూహం సంగతికొస్తే, స్విచ్ 2017లో వచ్చినప్పుడు లోపల ఉన్నది 2015 నాటి ఎన్విడియా చిప్. అంతకుముందు నింటెండో తెచ్చిన వీ యూ (Wii U) కన్సోల్ 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయి కంపెనీ దెబ్బతింది. ఆ పరిస్థితిలో శక్తి కోసం పరుగెత్తకుండా పాత చిప్‌తో 299 డాలర్లకు తెచ్చారు, 15 కోట్లు దాటింది. 1989లో గేమ్‌బాయ్ కూడా అంతే. రంగుల తెర ఉన్న పోటీ మిషన్లు బ్యాటరీలు తాగేస్తుంటే, రంగుల్లేని గేమ్‌బాయ్ నాలుగు బ్యాటరీలతో గంటలు గంటలు నడిచింది.

గద్వాల_గేమర్
కానీ స్విచ్ 2 2025లో వచ్చినప్పుడే 449.99 డాలర్లు. కొన్ని గేమ్‌లకు కార్డు ఇస్తారు కానీ కార్డులో గేమ్ ఉండదు, నెట్‌లో దించుకోవాలి. నింటెండో కూడా అదే దారి పట్టింది కదా?

నకిరేకల్_నింటెండో
ఆ కార్డుల మీద నాకూ కోపమే. కాకపోతే ఆ కార్డు అమ్ముకోవచ్చు, అది డిజిటల్ కంటే నయం.

రేటు మీద మాత్రం జపాన్‌లో ఏం చేశారో చూడండి. అక్కడ 2025లో స్విచ్ 2 రెండు రకాలుగా తెచ్చారు. అన్ని భాషలూ ఉన్నది అప్పుడు 69,980 యెన్‌లు. జపనీస్ మాత్రమే ఉండి, జపాన్ అకౌంట్‌తోనే పని చేసేది 49,980. యెన్ విలువ పడిపోయి అక్కడి జనం కొనలేకపోతున్నారని అలా చేశారు. 2025 నవంబర్‌లో సోనీ కూడా జపనీస్ మాత్రమే ఉన్న పీఎస్5 డిజిటల్‌ని (డిస్క్ డ్రైవ్ లేని మోడల్) 55,000 యెన్‌లకు తెచ్చింది. అంటే ఒక దేశం కోసం రేటు తగ్గించడం వాళ్ళకు చేతనవును. ఇండియా కోసం చేయాలనే ఆలోచన రాలేదు, అంతే.

క్లాక్‌టవర్_పోరడు
అయితే మనకు తెలుగు మాత్రమే ఉన్న మిషన్ పెట్టమనండి. అమెరికావాళ్ళు ఎట్లాగూ కొనరు, రేటు మనకే.

గద్వాల_గేమర్
డాలస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మరిచిపోయావా? మొదటి రోజే కంటైనర్లు కంటైనర్లు పోతాయి.

కోదాడ_కోడర్
నవ్వులాటకు అన్నా ఇబ్బంది అక్కడే ఉంది. జపనీస్ తాళం జపాన్‌లో పని చేస్తుంది. మనం ఇంగ్లీషులో ఆడతాం, భాషతో తాళం వేయలేరు. అకౌంట్ దేశంతో వేయొచ్చు, ఇండియా అకౌంట్‌లో మాత్రమే తెరుచుకునే మిషన్. అది సాంకేతికంగా కష్టమేమీ కాదు. పైగా ఇక్కడ దిగుమతి సుంకం, జీఎస్టీ కలుస్తాయి. ఇక్కడే బిగించి అమ్మితే సుంకంలో కొంతైనా మిగులుతుంది. ఫోన్ల విషయంలో జరిగింది అదే కదా.

పిల్లలమర్రి_పాత
మీ అందరి కంటే వయసులో పెద్దవాణ్ణి. మేం చిన్నప్పుడు పాలమూరు న్యూటౌన్‌లో టీవీ గేమ్ అంటే పసుపు పచ్చ క్యాసెట్ పెట్టే డబ్బా. అది అసలు నింటెండోది కాదని, నకలు అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఒకరింట్లో డబ్బా, ఇంకొకరి దగ్గర క్యాసెట్లు, వీధంతా ఒకే గదిలో ఆడేవాళ్ళం. తర్వాత పీఎస్2 వచ్చింది. సోనీ అప్పుడు మనల్ని పట్టించుకుంది కూడా. 2009లో హనుమంతుడి మీద పీఎస్2 గేమ్ వచ్చింది, తయారు చేసింది హైదరాబాద్ స్టూడియో. ఇప్పుడు ఇండియా హీరో ప్రాజెక్ట్ పేరుతో మన స్టూడియోలకు మళ్ళీ సాయం చేస్తున్నారు. గేమ్ తయారు చేసేవాడికి సాయం, మంచిదే. ఆడేవాడి సంగతి మాత్రం ఇంకా పట్టలేదు.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ పీఎస్2ల్లో ఎక్కువ వాటికి చిప్ కొట్టించి దొంగ డిస్క్‌లే ఆడారు. కంపెనీలు మన మార్కెట్‌ని చూసి భయపడటానికి అది ఒక మూలం.

దేవరకొండ_డిస్క్
నిజమే, కానీ అసలు డిస్క్ మన ఊళ్ళో దొరికితే కదా కొనేది? ఉన్న షాపుల్లో దొంగదే ఉండేది. ఇప్పుడు నా అల్మారాలో ఉన్నవన్నీ అసలువే, సగానికి పైగా సెకండ్‌హ్యాండ్. చవగ్గా దొరికాయి కాబట్టే అసలువి కొన్నా. సెకండ్‌హ్యాండ్ బజారుని చంపేస్తే నాలాంటోడు పోయేది స్టోర్‌కి కాదు, మళ్ళీ దొంగ కాపీకి, లేకపోతే ఫోన్‌కి.

మిర్యాలగూడ_మిల్లు
ఈ మాట ఒప్పుకుంటా. మన దగ్గర చేతులు మారే సరుకుకే విలువ. ట్రాక్టర్ కొనేటప్పుడు కూడా రేపు అమ్మితే ఎంత వస్తుందని మొదట అడుగుతాం. అయినా అమెరికాలో, జపాన్‌లో లాభం వస్తున్నంత కాలం వాళ్ళు మన కోసం మారరు. నా మాట మీద నేనున్నా.

నకిరేకల్_నింటెండో
అక్కడ రేటు పెంచితే తప్ప లాభం రావడం లేదని కోదాడ అన్న పైనే చెప్పాడు. పెరగాల్సిన జనం ఇక్కడే ఉన్నారు అన్నా.

వనపర్తి_విద్యార్థి
నేను కొనాలంటే ఎంత ఉండాలో చెప్పనా? 25 వేల లోపు, డిస్క్ పట్టాలి, ఈఎంఐ ఉండాలి. శక్తి ఎంతున్నా పర్లేదు, పీఎస్4 స్థాయి చాలు.

సూర్యాపేట_అమ్మ
25 వేలంటే మా ఇంట్లో కూడా గొడవ ఉండదు. దానికి పిల్లల ఖర్చు మీద తాళం కూడా ఉండాలి. గేమ్ లోపల బొమ్మలకీ బట్టలకీ కార్డు గీకేవి నాకొద్దు.

జడ్చర్ల_జాయ్‌స్టిక్
అందరి మాటా విన్నాక నా నిర్ణయం చెప్తున్నా. కొత్త జనరేషన్ వచ్చిన రోజున నేను కొనను. ఉన్న పీఎస్4లకు ఫ్యాన్లు శుభ్రం చేయించి, కంట్రోలర్లకు స్టిక్‌లు మార్పించి ఇంకొన్నాళ్ళు లాగుతా. పార్లర్ లైసెన్స్ గురించి ఇక్కడి పార్లర్ల వాళ్ళమంతా కలిసి సంతకాలు పెట్టి సోనీ ఇండియాకి రాయాలని ఉంది. నల్లగొండ, సూర్యాపేట వైపు పార్లర్లు నడిపేవాళ్ళు ఉంటే ఈ కింద చెప్పండి. కోదాడ తమ్మీ, ఆ లెటర్ ఇంగ్లీషులో జర రాసి పెడతావా?

కోదాడ_కోడర్
రాస్తా అన్నా. ఎన్ని మిషన్లు, వారానికి ఎన్ని గంటలు ఆడతారు, ఏ గేమ్‌లు, మీరు నెలకు ఎంత కట్టగలరు, ఇవి ఒక్కో పార్లర్ నుంచి కావాలి. వేడుకున్నట్టు కాకుండా వ్యాపార ప్రతిపాదనలాగే రాద్దాం.

గద్వాల_గేమర్
గద్వాలలో రెండు పార్లర్ల ఓనర్లు నాకు తెలుసు, ఆదివారం అడిగి చెప్తా. ఇంతలో ఒక డౌట్. స్లిమ్ పీఎస్5 డిజిటల్ కొని, డ్రైవ్ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే పని చేస్తుందా?

కోదాడ_కోడర్
చేస్తుంది. మొదటిసారి తగిలించినప్పుడు మాత్రం నెట్ ఉండాలి, అప్పుడే అది ఆ మిషన్‌కి జత అవుతుంది. కొనే ముందు మీ మిషన్‌కి పెట్టి, ఒక డిస్క్ ఆడించి చూసుకుని పైసలు ఇవ్వండి.